శనివారం మిగిలిన ఇసక

ఆ ఉదయం ఆకాశం ముత్యపు చిప్ప లోపలి వైపులా ఉంది.

తెల్లగా. నున్నగా. ఎక్కడా అతుకు లేకుండా.

గాలి లేదు. మా దీవిలో గాలి లేని రోజును మేం నమ్మం. గాలి ఎక్కడికో పని మీద పోయిందంటే, తిరిగొచ్చేటప్పుడు వానని వెంటబెట్టుకొస్తుంది. గొర్రెలు ఒడ్డున నాచు కొరకడం ఆపి పడమటి దిక్కు చూస్తున్నాయి. వాటికి ముందే తెలుస్తుంది.

ఏప్రిల్ నెల. శనివారం.

ఇసక తోలే రోజు.

మాది పుల్లటి నేల. వేల ఏళ్ళ నాచు కుళ్ళి, నల్లగా, తడిగా పేరుకున్న నేల. ఆరబెట్టి పొయ్యిలో కాల్చుకోవడానికి పనికొస్తుంది గానీ, గింజ వేస్తే మొలవదు. దాని మీద తనంతట తాను బతికేది ఒక్కటే — హెదర్. మోకాలెత్తు పొద. ఇనప తీగలాంటి కొమ్మ. ఆవగింజంత ఆకు. ఆగస్టులో ఊదారంగు పువ్వు. కొండంతా అదే. బయటివాళ్ళు పడవలెక్కి దాన్ని చూడ్డానికి వస్తారు.

మేం దాన్ని తోలెయ్యడానికి పుట్టాం.

మా తాత తోలాడు. మా నాన్న తోలాడు. ఒడ్డున గవ్వలూ చిప్పలూ అరిగి అరిగి పిండయిన తెల్లటి ఇసక ఉంటుంది. దాన్ని వీపు బుట్టల్లో కొండ వాలు మీదికి మోసి చల్లారు. ఇసక పడితే నేల పులుపు విరుగుతుంది. పులుపు విరిగితే గడ్డి వస్తుంది. గడ్డి వస్తే ఆవు ఉంటుంది. ఆవు ఉంటే మేం ఉంటాం.

"ఇసక మానితే కొండ దిగొస్తుంది," అనేవాడు నాన్న.

ఆయన వీపు మీద బుట్ట తాడు ఒరిసిన చోట చర్మం ఆవు డెక్కలా గట్టిపడి ఉండేది. స్నానం చేయించి పెట్టెలో పడుకోబెట్టినప్పుడు చూశాను. చచ్చిపోయాక కూడా అది మెత్తబడలేదు.

ఇప్పుడు బుట్టలు లేవు. ట్రాక్టరు ఉంది, దాని వెనక బండి ఉంది. చల్లేది మాత్రం చేత్తోనే. బకెట్టు చంకలో పెట్టుకుని, మణికట్టు ఒక్క తిప్పు. యాభై ఏళ్ళుగా ఒకటే తిప్పు. ఆ చెయ్యికి నేను చెప్పక్కర్లేదు.

అదే ఇప్పుడు నా బాధ.

*

మా అక్క పేరు డోలీనా. నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్కకి పెళ్ళి కాలేదు. నాకూ కాలేదు. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి ముందు, ఇద్దరం డెబ్బైల దాకా వచ్చాం.

మా ఇంటి ముందు ఒక వాలు ఉంది. ఇంటికీ దారికీ మధ్య. నిట్టనిలువుగా ఉంటుంది. గడ్డి వేస్తే వానకి జారిపోతుంది. జారకపోతే కొయ్యాలి. కొడవలి పట్టుకుని ఆ వాలు మీద నిలబడే మోకాళ్ళు మాకు ఇక లేవు.

పదకొండేళ్ళ కిందట ఒక రోజు అక్క కొండ మీంచి వచ్చింది. ఆప్రన్ చెంగులో ఏదో మూటగట్టి ఉంది. విప్పితే — హెదర్.

నేను నవ్వాను. నవ్వు రాక నవ్వాను.

అది పొద కాదు. పైకి లేవదు. నేలని కరుచుకుని పాకుతుంది. గాలికి తల వంచి వంచి, చివరికి తల ఎత్తడమే మానుకున్న రకం. కొండ మీద మా పాత వేసవి గుడిసె పక్కన ఒక రాయి ఉండేది. ఆ రాయి మీద పరుచుకుని ఉండేది అది. వేరే ఎక్కడా నేను చూడలేదు. అక్క కూడా చూడలేదు.

ఆ వాలు మీద పెట్టింది. మూడు కొమ్మలు.

పని ఎలా చేసేదో చూశాను. చూడనట్టు చూశాను. పాకే కొమ్మ ఒకటి పట్టుకుని నేలకి ఆనిస్తుంది. నల్లమట్టి పిడికెడు కప్పుతుంది. పైన ఒక చదును రాయి పెడుతుంది. అంతే. ఏడాది దాకా దాని జోలికి పోదు. ఏడాది తర్వాత రాయి ఎత్తితే కింద తెల్లటి వేళ్ళు — ముసలామె వెంట్రుకల్లా. అప్పుడు తల్లి నుంచి కోసి, జానెడు దూరంలో నాటుతుంది. దాని కొమ్మకి మళ్ళీ మట్టి. మళ్ళీ రాయి. మళ్ళీ ఏడాది.

ఎరువు వెయ్యదు. వేస్తే చస్తుందంది. అది ఆకలి మీదే బతుకుతుందంది.

పూలు రాలాక, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతో చివర్లు తీసేది. పచ్చగా ఉన్నంతవరకే. ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్ళీ చిగురు పెట్టదు.

మూడు కొమ్మలు తొమ్మిదయ్యాయి. తొమ్మిది ముప్పై అయ్యాయి. పదకొండేళ్ళు. ఆ ఏప్రిల్‌కి ముందటి ఆగస్టులో మొదటిసారి ఆ వాలు మీద అరచెయ్యంత నేల కూడా కనపడలేదు. ఊదారంగు దుప్పటి. తేనెటీగల రొద తలుపు వేసుకున్నా వినపడేది.

అక్క వాకిట్లో బల్ల వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే. మా అక్క ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

నాకు మాత్రం నాన్న వీపు గుర్తొచ్చింది.

*

ఆ రాయి సంగతి చెప్పాలి.

మా చిన్నతనంలో వేసవొస్తే ఆడపిల్లలు ఆవుల్ని తోలుకుని కొండకి పోయేవాళ్ళు. అక్కడ గుడిసెల్లో ఆరు వారాలు. పాలు, వెన్న, పాటలు. ఊరి కళ్ళు లేని ఆరు వారాలు.

ఈవెన్ అని పక్క ఊరివాడు. వాళ్ళ గుడిసెలు వాగుకి అవతల. మా గుడిసె కప్పు కురుస్తుంటే వచ్చి మట్టిపెళ్ళలు పరిచిపోయాడట. మర్నాడు కురవకపోయినా వచ్చాడట. ఆ రాయి మీద కూర్చునేవాడట.

ఇదంతా నేను విన్నదే. నేనప్పుడు దక్షిణ సముద్రంలో ఉన్నాను, తిమింగలాల వేట ఓడ మీద. అమ్మ మంచాన పడింది. చూసుకోవడానికి అక్క తప్ప ఎవరూ లేరు. మే నెలకి వచ్చేస్తానని ఉత్తరం రాశాను. నేను వస్తే అమ్మని నాకప్పజెప్పి అక్క ఈవెన్‌ని పెళ్ళి చేసుకోవాలి. అదీ మాట.

మే వచ్చింది. నేను రాలేదు.

ఇంకో ఏడాదికి సంతకం పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడి మంచు బాగుంది. నేను నవ్వినా, తాగినా, నోటికొచ్చింది కూసినా ఎవరి అబ్బాయినని ఎవరూ అడగరు. అది బాగుంది.

ఈవెన్ ఒక వేసవంతా ఎదురుచూశాడు. తర్వాత ఎక్కడో దూరపు దీపస్తంభంలో పని దొరికి వెళ్ళాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు.

నేను తిరిగొచ్చిన రోజు అక్క గుమ్మంలో నిలబడి, "పొయ్యి మీద సూప్ ఉంది," అంది.

అంతే అంది. నలభై ఏడేళ్ళయింది. ఇప్పటిదాకా అంతే అంది.

ఇంకొకటి. ఆరేళ్ళ కిందట, వసంతంలో, ఊరి మగాళ్ళం కొండకి నిప్పు పెట్టాం. ముదిరిన హెదర్ కాలిస్తే గొర్రెలకి లేత మేత వస్తుంది. ప్రతి ఊరూ చేసేదే. ఆ రోజు గాలి తిరిగింది. మా గోనెపట్టాలూ పారలూ చాలలేదు. వేసవి గుడిసెలున్న దిబ్బంతా కాలింది. కింది మట్టి దాకా కాలింది. ఆ రాయి పగిలింది.

కాబట్టి ఆ పాకే హెదర్ ఇంక మా వాకిట్లోనే ఉంది.

లోకంలో ఇంకెక్కడా లేదు.

నాకు తెలుసు. ఇసక తోలిన రోజు కూడా తెలుసు.

*

ఒడ్డున ఆ శనివారం ఐదుగురం ఉన్నాం. ఇసక ఎత్తుతున్నాం. రోరీ పార మీద గడ్డం ఆనించి నన్ను చూశాడు. మా ఊళ్ళో నోరు ఊరుకోనివాడంటే రోరీనే.

"నీకెందుకయ్యా తోర్మద్ ఇసక?" అన్నాడు. "మీ నాన్న కొండని వీపు మీద మోసి బయటికి గెంటాడు. మీ అక్క ఆప్రన్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. రేపో మాపో కొండకోళ్ళు నీ మంచం కింద గుడ్లు పెడతాయి చూడు."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. పనిలో నవ్వుకునే నవ్వే.

ఇంకొకడెవరో, పెడితే మంచిదేగా, తోర్మద్ పొదుగుతాడు, వేరే పనేముంది అన్నాడు. మళ్ళీ నవ్వారు.

నేను పార ఎత్తాను. దించాను. ఎత్తాను.

పొద్దంతా చల్లాను. పై చేను, కింది చేను, బంగాళాదుంపల మడి. సాయంత్రానికి బండిలో ఇసక కొంచెం మిగిలింది. నాలుగు బకెట్లు. ఐదు కావచ్చు.

శనివారం బండిలో ఏదీ మిగలకూడదు. అది మా పద్ధతి. ఆదివారం మాకు విశ్రాంతి దినం. పని ముట్టం. ముట్టకపోవడమే కాదు, సగంలో ఆగిన పని కంటికి కనపడినా తప్పే. శనివారమే నీళ్ళు తోడి పెడతాం. దుంపలు తొక్క తీసి నీళ్ళలో వేస్తాం. గడ్డం గీసుకుంటాం. బండి ఖాళీ చేసి, కడిగి, వెనక్కి తిప్పి పెడతాం. ఇక నేను గుడి పెద్దల్లో ఒకణ్ణి. నా వాకిట్లో సగం ఇసక బండి నిలబడితే, మర్నాడు దారిన గుడికి పోయే ప్రతి ఒక్కరూ చూస్తారు.

పారబొయ్యాలి. ఎక్కడ?

చోటు లేకనా! దారి పక్కన గుంట ఉంది. కోళ్ళ దడి ఉంది. కోళ్ళకి చిప్పల ఇసక మంచిది కూడా, గుడ్డు పెంకు గట్టిపడుతుంది. అక్క రెండు రోజుల ముందు అడిగింది కూడా, ఒక బకెట్టు కోళ్ళకి ఉంచమని.

బకెట్టు చంకలోకి వచ్చింది.

చెయ్యి అటు తిరిగింది.

ఒక్క తిప్పు. తెల్లటి ఇసక గాలిలో విచ్చుకుని, నల్లటి ఆకు మీద మెత్తగా రాలింది. చప్పుడు కూడా లేదు. గాలి లేదు కదా… ఒక్క రేణువు కూడా పక్కకి పోలేదు.

నాలుగు బకెట్లు. ఐదు కావచ్చు.

వాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా, వరసలో, సమంగా. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. అంత సమంగా చల్లాను.

అక్క లోపల దుంపలు తొక్క తీస్తోంది. పాట ఏదో కూనిరాగం తీస్తోంది. కిటికీలోంచి వినపడింది.

బండి కడిగి పెట్టాను.

*

ఆదివారం పొద్దున అక్క తెర తీసింది.

తెర పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇంకా వాన రాలేదు. ఆకాశం తెల్లదనం పోయి సీసంలా బరువెక్కింది. వస్తుంది, గంటలో కాకపోతే రెండు గంటల్లో. ఇసక ఇంకా పొడిగా ఉంది. పొడి ఇసక ఆకు మీద నిలవదు. చీపురుతో మెల్లగా తడితే రాలిపోతుంది. బొచ్చు బ్రష్షు అయితే ఇంకా మేలు. ఇద్దరం కూర్చుంటే గంట పని.

వాన పడితే వేళ్ళ దాకా దిగుతుంది. పులుపు లేని నేలలో హెదర్ బతకదు. అది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. దాని మీదే మా బతుకు.

"ఇదేంటి తోర్మద్?" అంది అక్క.

"ఇసక."

"ఇసకని తెలుస్తోంది."

"బండిలో మిగిలింది. ఆదివారానికి ఉంచకూడదు కదా."

అక్క నా వైపు తిరగలేదు. కిటికీ వైపే చూస్తూ ఉంది. గోడ గడియారం కొట్టుకుంటోంది. 

తర్వాత అడిగింది. చిన్న గొంతుతో. నన్ను తమ్ముడిగా కాదు, గుడి పెద్దగా అడిగినట్టు.

"గుంటలో పడ్డ గొర్రెని ఆదివారమైనా తీయొచ్చు కదరా?"

తీయొచ్చు. అది ప్రతి ఇంట్లో తెలిసిన మాటే. ఆకలిగొన్న ఆవుకి గడ్డి వెయ్యొచ్చు, ఈనే గొర్రెకి చెయ్యి ఇవ్వొచ్చు. దయతో చేసే పని పని కాదు. ఆ ముందు చలికాలంలోనే మా గొర్రె బురదలో దిగబడితే, ఆదివారమని చూడకుండా నేను నడుం లోతు దిగాను. తాడు ఆ చివర పట్టుకున్నది అక్కే.

నేను ఊఁ అంటే చాలు. చీపురు తలుపు వెనకే ఉంది.

"గొర్రెకి ప్రాణం ఉంటుంది," అన్నాను.

అక్క తెర వదిలింది.

నల్ల కోటు తొడుక్కుంది. టోపీ పెట్టుకుంది. పిన్ను గుచ్చుకుంది. బైబిలు పుస్తకం చంకలో పెట్టుకుంది. ఇద్దరం వాలు పక్కనుంచే గుడికి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. ఆ తెలుపు మా ఎడమ పక్కన చివరి దాకా వచ్చింది.

పాటలు అయ్యాయి. పెద్ద ప్రార్థన మొదలైంది. మా గుడిలో ప్రార్థనకి నిలబడతారు, అది అరగంట నడుస్తుంది. ఆడవాళ్ళు పిప్పరమెంటు బిళ్ళలు పంచుకుంటారు. పక్కింటి షీనాక్ మా అక్క చేతిలో ఒకటి పెట్టింది.

అప్పుడు పడింది వాన.

రేకు కప్పు మీద మొదట నాలుగు చుక్కలు. తర్వాత లెక్కలేదు. బోధకుడు గొంతు పెంచాడు. వాన ఇంకా పెంచింది.

అక్క కళ్ళు మూసుకునే ఉంది. చేతిలో పిప్పరమెంటు నోటి దాకా పోలేదు. గుప్పిట బిగిసింది. బిగిసిన గుప్పిట ఇంటికి వచ్చేదాకా విప్పలేదు. ఇంట్లో పళ్ళెంలో వేసిన చప్పుడు విన్నాను. కరిగి, గోళ్ళ గుర్తులు పడి ఉంది.

ఆ మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళో పుస్తకం. పేజీ తిప్పలేదు.

వాన ఇసకని మెల్లగా… మెల్లగా… కిందికి దించింది. మొదట తెలుపు. తర్వాత బూడిద. సాయంత్రానికి ఏమీ లేదు. ఆకు కడిగినట్టు నల్లగా మెరిసింది. చూసేవాళ్ళు ఎంత బాగుందో అనుకుంటారు.

నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. లేవొచ్చు. పాపం నా మీద వేసుకుని నేనే వెళ్ళి ఊడవొచ్చు. వానలోనైనా వెళ్ళొచ్చు.

కూర్చున్నాను.

*

సోమవారం తెల్లవారక ముందే అక్క వాలు మీద మోకాళ్ళ మీద ఉంది.

చేతుల్తో కొమ్మలు విడదీసి, చెంచాతో తవ్వుతోంది. తడి ఇసక కాండాల మధ్య పిండిలా అతుక్కుపోయింది. చెంచాడు తీస్తే చెంచాడు మిగులుతుంది. వారం రోజులు తీసింది. తర్వాత బుట్ట తగిలించుకుని కొండకి పోయి, పుల్లటి నల్లమట్టి మోసుకొచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. నాన్న బుట్టే అది. దూలానికి వేలాడుతుంటే దించింది.

నాన్న ఆ బుట్టతో కొండని పైకి గెంటాడు. అక్క అదే బుట్టతో కొండని కిందికి మోసింది.

నేను తోపుడుబండి నిండా మట్టి తెచ్చాను.

"అక్కడ పెట్టు," అంది.

పెట్టాను. ఇప్పటికీ అది అక్కడే ఉంది. మీద గడ్డి మొలిచింది.

మేలో చివర్లు పసుపు తిరిగాయి. జూన్‌లో పసుపు తుప్పయింది. జులైకి తుప్పు బూడిదయింది. హెదర్ ఒక్కసారి చావదు. ముసలి ఆవులా చస్తుంది. ఇవాళ లేస్తుందేమో అనిపిస్తూ.

ఊళ్ళో నలుగురూ అడిగారు. మతిమరుపు అన్నాను. యాభై ఏళ్ళ చేతి అలవాటు అన్నాను. నమ్మారు. నిజమే మరి, మా ఊళ్ళో ఎవరి చెయ్యి అటు తిరగదు? రోరీ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇక నుంచి బండి తోలే ముందు ఐదు వేళ్ళూ కట్టేసుకోమన్నాడు. నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు.

అక్క ఒక్కసారి కూడా అడగలేదు.

అడిగితే ఏం చెప్పేవాణ్ణి? నాకే తెలీదు. ఆ సాయంత్రం చేతిలో ఉన్నది అలవాటా, రోరీ మాటా, నాన్న వీపా… లేక ఆ ఆగస్టులో అక్క మొహంలో చూసిన వెలుగా. నేను లేకుండా వచ్చిన వెలుగు అది. నేను రాని ఆ మే నెలకి ముందుది.

అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆగస్టులో గేటు మూల ఒక్క చోట, అరచెయ్యంత, పూసింది. తేనెటీగలు వచ్చాయి. ఆ అరచెయ్యి మీద వాలి, మిగిలిన వాలంతా తిరిగి తిరిగి, వెళ్ళిపోయాయి.

ఒక సాయంత్రం అక్క ఆ మూల వంగి కత్తెర ఆడిస్తుంటే చూశాను. చచ్చినవి తీసేస్తోందనుకున్నాను.

*

సెప్టెంబరు. మళ్ళీ శనివారం.

మూడు వారాలుగా వాన లేదు. మా దగ్గర అది విడ్డూరం. వాననీటి పీపాలు అడుగంటాయి. వద్దన్న రోజు వచ్చిన వాన, కావలసిన రోజు రాదు.

షీనాక్ దగ్గర తెచ్చిన దుంపలు తవ్వే ఫోర్కు తిరిగిచ్చేద్దామని వెళ్ళాను. ఆదివారం ఒకరి వస్తువు మన ఇంట్లో ఉండకూడదు. షీనాక్ ఇల్లు కింద, ఒడ్డు అంచున. తలుపు తీసే ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాను. అరవై ఏళ్ళుగా అలాగే వెళ్తున్నాను.

కిటికీ అరుగు మీద, పెచ్చులూడిన పింగాణీ గిన్నె ఉంది.

గిన్నెలో నల్లమట్టి. మట్టిలో ఏడు చివర్లు. వేలి కణుపంత. పచ్చగా.

వాటి పక్కన ఒక చదును రాయి. దాని మీద తెల్లటి చార. ఆ రాయి నాకు తెలుసు. వేసవి గుడిసె పక్కన పగిలిన రాయి ముక్క అది. మా అక్క అంత దూరం నుంచి ఎప్పుడు తెచ్చుకుందో, ఇన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో.

షీనాక్ వచ్చి నాకూ కిటికీకీ మధ్య నిలబడింది. లావుపాటి మనిషి. కిటికీ మొత్తం కప్పేసింది.

"టీ తాగుతావా?" అంది.

మా ఊళ్ళో ఎవరూ అలా అడగరు. వచ్చినవాడి ముందు కప్పు పెట్టి పోస్తారు, అంతే. తాగుతావా అని అడిగారంటే, తాగకుండా వెళ్ళమని.

"వద్దులే," అన్నాను. ఫోర్కు గోడకి ఆనించాను.

"ఏం చూశావు తోర్మద్?"

"ఏం లేదు."

"అదే మంచిది."

గుమ్మం దాటుతూ ఒక్కసారి తల తిప్పాను. ఆమె భుజం పక్కనుంచి గిన్నె అంచు కనపడింది. మట్టి ఆరిన చోట, గిన్నె చుట్టూ, సన్నగా ఒక తెల్లటి గీత.

అక్కడే నా కాలు ఆగింది.

షీనాక్ బావి ఇసకలో ఉంది. చిప్పల ఇసకలో. ఆ నీళ్ళూ ఆ ఇసకలాగే పులుపు విరుస్తాయి. ఆ నీళ్ళు కాస్తే కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, ఉలి పెట్టి కొట్టాలి. పీపాలో వాననీళ్ళు అయిపోయాయి. షీనాక్ బావి నీళ్ళు పోస్తోంది. మొక్కకి నీళ్ళు కావాలి కదా అని పోస్తోంది, పాపం. ప్రేమగా పోస్తోంది.

మా నల్లవాగులో నీళ్ళు ఇంకా ఉన్నాయి. టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. పుల్లటి నీళ్ళు. ఒక్క కడవ తెచ్చి పోస్తే చాలు. ఒక్క మాట చెబితే చాలు.

కానీ ఎవరికి చెప్పాలి? చెబితే, చూశానని తెలుస్తుంది. చూశానని తెలిస్తే, అక్క ఆ గిన్నె అక్కణ్ణుంచి తీసేస్తుంది. ఇంకా దూరం దాస్తుంది. ఎక్కడ దాస్తుందో అక్కడి నీళ్ళు ఎలాంటివో.

ఇంకొకటి ఉంది. దానికి పేరు లేదు. పదకొండేళ్ళు ఆ మొక్క నా కళ్ళ ముందే పెరిగింది. ఇప్పుడు నేనున్న ఇంట్లో దానికి చోటు లేదు. చోటు లేకుండా చేసింది నేనే. అయినా ఆ ఏడు చివర్లు నాకు కనపడకూడదనుకున్నారే… అది గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను. తీయలేను.

దారి మీద గాలి లేదు.

*

ఇంటికి వచ్చేసరికి అక్క బల్ల సర్దింది. రేపటి నీళ్ళు తోడి ఉన్నాయి. రేపటి దుంపలు నీళ్ళలో ఉన్నాయి. నా బూట్లు తుడిచి తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి. ఆ పని ఆమె ఒక్క శనివారం కూడా మానలేదు. ఆ శనివారం తర్వాత కూడా.

బల్ల మధ్యలో గుడ్డ పరిచి, ఉడికిన దుంపలు తొక్కతో సహా కుమ్మరించింది. ఆవిరి లేచింది. పళ్ళేల్లో ఉప్పుచేప. చెరొకటి.

ప్రార్థన నేను చెప్పాను. ఆఖరి మాట ఆమె అంది.

ఇద్దరం చేతుల్తోనే తింటాం. దుంప తొక్క తీసి, చేప ముక్క తుంచి, రెండూ కలిపి. చిన్నప్పటి నుంచీ అంతే.

అక్క ఉప్పు డబ్బాలో వేళ్ళు పెట్టింది. చిటికెడు తీసుకుంది. దుంప మీద చల్లింది — మణికట్టు ఒక్క తిప్పు. నాన్న తిప్పే. నాది కూడా అదే. ఉప్పు విచ్చుకుని, వేడి దుంప మీద మెత్తగా రాలింది.

నేను ఆ చెయ్యినే చూశాను.

వాగునీళ్ళు పొయ్యమను. రెండు మాటలు. నోట్లో ఉన్నాయి. దుంపతో పాటు నములుతున్నాను.

అక్క ఒకసారి తలెత్తింది. చూసింది.  ఆమె చేతిలో చేప ముక్క అలాగే ఆగింది.

నేను ఇంకో దుంప తీసుకున్నాను. తొక్క తీశాను.

ఆమె మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

ముళ్ళు పళ్ళెం అంచున వరసగా పెట్టాం. ఆమె వైపు ఆమె. నా వైపు నేను. గడియారం కొట్టుకుంటోంది. కిటికీ అవతల బూడిదరంగు వాలు. దాని పైన ఆకాశం… చిప్ప లోపలి వైపులా.

తెల్లగా. నున్నగా.

ఎక్కడా అతుకు లేకుండా.